రాజుగారి విందులో పప్పు గరిటె

అమెరికాలో ఉన్న రెండేళ్ళూ ఏం చేశారండీ అని ఎవరైనా అడిగితే, "ఒక రాజుగారి విందుకు వంట చేశాను" అని చెబుతూ ఉంటాను. అవతలివారు ఒక్క క్షణం నా ముఖంవంక చూసి, పాపం చదువు ఎక్కువై మతి చలించింది కాబోలునని జాలిపడతారు. కాని నేను చెప్పేది అక్షరాలా నిజం. రాజుగారున్నారు, రాణీగారున్నారు, కిరీటాలూ ఉన్నాయి. సోమవారం పొద్దున్నే రాజుగారు మామూలు చొక్కా తొడుక్కుని ఆఫీసుకి వెళతారు. అంతే తేడా.

నేను పల్నాటి సీమలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. 2016లో మావారికి ఒహాయో రాష్ట్రానికి బదిలీ అయితే, జీతం లేని సెలవు పెట్టి నేనూ వెంట వెళ్ళాను. అక్కడ క్లాసులు లేవు, పరీక్ష పేపర్లు దిద్దే పని లేదు, నన్నయగారి గురించి చెబితే వినే నాథుడు అసలే లేడు. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఊరి గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఒక శనివారం పొద్దున ఆవిడ నేల జీరాడే ఉన్ని గౌనూ, తలచుట్టూ తెల్లని ముసుగూ వేసుకుని, చేతిలో ఇంతపొడుగు గరిటె పట్టుకుని కారెక్కుతున్నది. పల్లెటూరి అలవాటు ఎక్కడికి పోతుంది? "ఏ ఊరు ప్రయాణం?" అని అడిగేశాను. "పధ్నాలుగో శతాబ్దానికి" అన్నదావిడ, నవ్వకుండా.

కత్తులూ కిరీటాలూ

ఆవిడ చెప్పిన కథ ఇది. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, డయానా పాక్సన్ అనే యువతి ఇంటి పెరట్లో కొందరు మిత్రులు చేరి, మధ్యయుగపు వీరుల్లాగా వేషాలు కట్టి కత్తియుద్ధం పోటీ పెట్టుకున్నారు. పాక్సన్ తరవాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్నది. ఆనాటి సరదా ఆనాటితో పోలేదు. "సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం" అని పేరు పెట్టుకుని, దేశదేశాలకూ పాకింది. అనాక్రనిజం అంటే ఒక కాలపు వస్తువును తీసుకుపోయి మరో కాలంలో పెట్టడం. మన పౌరాణిక నాటకంలో దుష్యంతుడి ముంజేతికి గడియారం కనిపిస్తే నవ్వుకుంటాం చూడండి, అదే. మనవాళ్ళు పొరపాటున చేసేదాన్ని వీళ్ళు పనిగట్టుకుని, శాస్త్రోక్తంగా చేస్తారు.

ఈ సంఘంవాళ్ళు భూమినంతా రాజ్యాలుగా పంచుకున్నారు. ఒహాయో ఉన్నది "మధ్యరాజ్యం"లో. రాజుగారికి వంశం అక్కర్లేదు, ఎన్నికలూ అక్కర్లేదు. బెత్తంతో చేసిన కత్తులు పట్టుకుని పోటీలో గెలిచినవాడే రాజు. ఏలుబడి కొద్ది నెలలే. తరవాత మళ్ళీ పోటీ. మధ్యరాజ్యానికీ తూర్పురాజ్యానికీ 1972లో మొదలైన "యుద్ధం" ఒకటి ఉన్నది. పెన్సిక్ యుద్ధం అంటారు. ఓడినవాళ్ళు పిట్స్‌బర్గ్ నగరాన్ని ఏలుకోవాలన్నది పందెమని హాస్యంగా చెప్పుకుంటారు. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాలలో ఆగిందిగాని, ఆ యుద్ధానికి పెన్సిల్వేనియాలో స్లిపరీ రాక్ దగ్గర మైదానంలో వేసవికి వేలమంది గుడారాలు వేసుకుంటారు.

ఇదంతా నాటకమనుకునేరు! నాటకానికి ప్రేక్షకులుండాలి. ఇక్కడ ప్రేక్షకులు లేరు. వచ్చినవాడల్లా వేషగాడే. ఒకడు కవచం చేస్తాడు, ఒకతె నూలు వడుకుతుంది, ఒకరు పాతకాలపు లిపి రాస్తారు. 1600కు పూర్వపు కాలమేదైనా సరే, ఎవరికి నచ్చిన మనిషిని వారు కల్పించుకుని ఆ పేరుతో మసలుతారు. నేను మోటుపల్లి రేవులో పదమూడో శతాబ్దపు వర్తకుడి ఇల్లాలినయ్యాను. కాకతి గణపతిదేవుడు ఓడవర్తకులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించిన రేవు అదే. గౌను కుట్టించుకునే ఖర్చు తప్పింది. పట్టుచీరతో పని జరిగిపోయింది.

శాకాహారి పళ్ళెం

కత్తియుద్ధం సాయంత్రానికి ముగుస్తుంది. ఆ తరవాత విందు. విందు లేనిదే ఏ రాజ్యమూ నిలవదు గదా! మొదటిసారి నేను అతిథిగా వెళ్ళిన విందులో పొడుగాటి బల్లలు వేసి, కొవ్వొత్తులు వెలిగించి, బల్లకు ఎనిమిదేసిమందిని కూర్చోబెట్టారు. పెద్ద పెద్ద పళ్ళేలలో పొగలు కక్కుతూ మాంసాలు వచ్చాయి. మాంసం నీళ్ళలో ఉడికిన కూరలు వచ్చాయి. పందికొవ్వు వేసి కాల్చిన పిండివంటలు వచ్చాయి. బల్లమీదివాళ్ళంతా ఒక పళ్ళెంలోంచి పంచుకుని తింటున్నారు. నాకు మాత్రం విడిగా ఒక చిన్న పళ్ళెం తెచ్చి పెట్టారు. అందులో రొట్టె ముక్క, జున్ను ముక్క, ఉడకబెట్టిన బంగాళదుంప ఒకటి.

తెచ్చినవాళ్ళు ఎంతో ఆదరంగానే తెచ్చారు. అందులో తప్పు పట్టవలసింది లేదు. కాని ఆ బంగాళదుంపను చూస్తే నాకు నవ్వాగలేదు. కొలంబసు 1492లో సముద్రం దాటకముందు యూరపులో బంగాళదుంప అన్నదే లేదు. ఆ హాలులో బొత్తాము దగ్గరనుంచి బూటు దాకా ఇది ఆ కాలపుదా కాదా అని తర్జనభర్జన చేసే మనుషులు, శాకాహారి అనేసరికి శాస్త్రమంతా గట్టుమీద పెట్టేశారు. శాకాహారం అనేది నిన్న మొన్న పుట్టిన ఆచారమనీ, పాతకాలపు విందులో దానికి చోటు లేదనీ వాళ్ళ లోపలి నమ్మకం. పళ్ళెం ఆ మాటే చెబుతున్నది.

నా ఎదటి బల్లమీద పదిహేడేళ్ళ పిల్ల ఒకతె ఉన్నది. చిన్ననాటినుంచీ మాంసం ముట్టదట. ఆ పిల్ల సంచీలోంచి కాగితంలో చుట్టిన సాండ్విచ్ తీసి, బల్లకింద పెట్టుకుని, ఎవరూ చూడకుండా తింటున్నది. "ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగాను. "ఎప్పుడూ ఇంతే" అన్నది. అమ్మానాన్నలతో అయిదేళ్ళుగా వస్తున్నదట. ఒక్క విందులోనూ వేడి వంటకం నోట పెట్టలేదట.

మర్నాడు పక్కింటావిడ దగ్గరికి వెళ్ళి, "వచ్చే విందుకు వంటింట్లో నన్నూ చేర్చుకోండి" అన్నాను.

రిచర్డు రాజుగారి వంటపుస్తకం

వంట మొదలుపెట్టే ముందు పుస్తకం పట్టడం పంతుళ్ళ అలవాటు. ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు వంటవాళ్ళు సుమారు 1390లో రాసిపెట్టిన గ్రంథం ఒకటున్నది. దాని పేరు "ఫార్మ్ ఆఫ్ క్యూరీ". 1780లో శామ్యూల్ పెగ్ అనే పండితుడు దాన్ని అచ్చు వేయిస్తూ ఈ పేరు పెట్టాడు. "క్యూరీ" అనగానే మన కూర అనుకుని నేను సంబరపడ్డాను. కాని అది పాత ఫ్రెంచి మాటనుంచి వచ్చింది. వంట అని అర్థం. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళ "కర్రీ" దక్షిణాదినుంచి వెళ్ళిన మాట. రెంటికీ చుట్టరికం లేదు. భాషాశాస్త్రంలో ఇలాంటి అందమైన భ్రాంతులు చాలా ఉంటాయి.

ఆ పుస్తకం తిరగేస్తే నాకు కళ్ళు చెదిరాయి. శనగలను రాత్రంతా వేడి బూడిదలో కప్పి, పొద్దున్నే కడిగి, వెల్లుల్లిపాయలూ నూనే కుంకుమపువ్వూ మసాలాపొడీ వేసి ఉడికించమంటుంది ఒకచోట. చిక్కుడు గింజలు ఉడకబెట్టి, ఉల్లిపాయలతో నూనెలో వేయించమంటుంది ఇంకొకచోట. ఇవి మన గుగ్గిళ్ళు కాక మరేమిటి? అదే గింజలను పాలలా తెల్లబడేదాకా రోట్లో నూరి, ఉల్లిపాయ ముక్కలు ఎర్రగా వేయించి పైన చల్లే వంట మరొకటి. దాని పేరు "మక్కె". పప్పుమీద తిరగమోత వేయడమన్నమాట. పార్స్నిప్ అనే తియ్యటి తెల్లదుంపనూ ఆపిలుపండునూ చక్రాలుగా కోసి, పిండిలో ముంచి నూనెలో వేయించమంటుంది. బజ్జీలు!

మాంసప్రియులైన ఆ రాజుల వంటపుస్తకంలో ఇవన్నీ ఎందుకున్నాయి? జవాబు వాళ్ళ పంచాంగంలో ఉన్నది. మధ్యయుగపు క్రైస్తవులకు శుక్ర, శనివారాలు, చాలాచోట్ల బుధవారంకూడా మాంసం నిషిద్ధం. ఈస్టరుకు ముందు లెంట్ అనే నలభైరోజుల తపస్కాలం. క్రిస్మసుకు ముందు మరికొన్ని నియమాలు. అన్నీ కలుపుకుంటే ఏడాదిలో మూడోవంతునుంచి సగందాకా మాంసం లేని రోజులే. లెంట్ రోజుల్లో పాలూ వెన్నా జున్నూ గుడ్డూకూడా పనికిరావు. చేపలు మాత్రం తినవచ్చు. అంచేత వాళ్ళు మనలాంటి శాకాహారులని నేననను. కాని రాజుగారి వంటవాడికైనా సరే, మాంసమూ పాలూ లేకుండా రుచిగా వండడం రాకపోతే ఉద్యోగం నిలిచేది కాదు.

పాలకు బదులు వాళ్ళు పట్టింది బాదంపాలు. బాదంపప్పు నానబెట్టి, పొట్టు తీసి, నూరి, నీళ్ళతో పిండితే చిక్కటి పాలు వస్తాయి. అందులో బియ్యమూ పంచదారా వేసి ఉడికించి, పైన వేయించిన బాదంపప్పులు చల్లితే ఉపవాసదినపు పరవాన్నం. దంచిన గోధుమలు వేస్తే ఫ్రుమెంటీ. పాలు మానడమూ అందరికీ సులభం కాలేదు. వెన్న లేక బతకలేని ఉత్తరదేశంవాళ్ళు చర్చికి డబ్బు చెల్లించి అనుమతి తెచ్చుకునేవారు. ఫ్రాన్సులో రువాన్ నగరపు పెద్ద చర్చికి ఒక గోపురముంది. ఆ డబ్బుతో కట్టింది కనుక దానికి "వెన్న గోపురం" అనే పేరు నిలిచిపోయింది.

తద్దినం వంటా, మధ్యయుగం వంటా

ఈ సంఘం వంటింట్లో మొదటి నియమమేమిటంటే, కొత్త ప్రపంచంనుంచి వచ్చినవేవీ వాడకూడదు. బంగాళదుంప కూడదు, టమాటా కూడదు. మొక్కజొన్న, గుమ్మడి, వేరుశనగ, జీడిపప్పు, అన్నిటినీ మించి మిరపకాయ కూడదు. ఈ జాబితా చదివి వినిపించి పక్కింటావిడ నావంక జాలిగా చూసింది. గుంటూరు మనిషి మిరపకాయ లేకుండా ఎలా వండుతుందని ఆవిడ బెంగ!

"మా అమ్మ ఏడాదికోసారి ఈ వంటే చేసేది" అన్నాను.

మా ఇంట్లో తద్దినం నాడు మిరపకాయ వాడరు. కారానికి మిరియాలే. టమాటా, బంగాళదుంప, కాబేజీ ఆరోజు గడప తొక్కవు. కంద, చేమ, పెండలం, అరటికాయ, కాకరకాయ, పెసరపప్పు, నువ్వులు, అల్లం, ఇవే. ఎందుకమ్మా అని చిన్నప్పుడు అడిగితే, "పెద్దవాళ్ళకి అవి తెలియవే" అనేది మా అమ్మ. ఆ జవాబులోని చరిత్ర నాకు ఒహాయోలో అర్థమయింది. వాస్కోడగామా కాలికట్టులో దిగింది 1498లో. అమెరికా పంటలు మన దేశానికి వచ్చింది ఆ తరవాత, పోర్చుగీసువారి ఓడలమీద. కాకతీయుల నాటి తెలుగువాడికి మిరపకాయ తెలియదు. 1323లో ఓరుగల్లు పడిపోయేనాటికి ప్రతాపరుద్రుడు ఎర్రటి ఆవకాయ కళ్ళతో చూసి ఎరగడు. పితృదేవతలకు తెలిసిన వంటే పితృదేవతలకు పెట్టాలని మన ఆడవాళ్ళు వంటింట్లో ఒక్కరోజు గడియారం వెనక్కి తిప్పుతారు. ఈ అమెరికావాళ్ళు సంఘం పెట్టి చేస్తున్నదీ అదే.

మసాలాల పెట్టె తెరిస్తే ఇంకా ఆశ్చర్యం. "పౌడర్ ఫోర్ట్" అనే ఘాటుపొడి వాళ్ళ వంటలకు ప్రాణం. మిరియాలూ శొంఠీ లవంగాలూ ఇలా వండేవాడి చేతివాటాన్ని బట్టి ఉంటుంది. పిప్పళ్ళుకూడా ఆ వంటింట్లో మామూలే. శొంఠి, పిప్పలి, మిరియాలు, అంటే మన త్రికటుకమే! జలుబు చేస్తే మా అమ్మమ్మ తేనెలో రంగరించి నాకించిన మందు ఇంగ్లండు రాజుగారి కూరలో పడుతున్నదన్నమాట.

అడుగున ఒక చిన్న డబ్బాలో ఎర్రటి పొడి ఉన్నది. "సాండర్స్" అని చీటీ అంటించి ఉంది. వాసన చూశాను. వాసన లేదు. వంటకానికి ఎరుపురంగు రావడానికి వేస్తారట. అది ఎర్రచందనం! ఆ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండల వంటి మన తూర్పుకనుమల దక్షిణపు కొసలోనే. కడప, తిరుపతి కొండల్లో పుట్టిన మాను ఏ రేవుకు చేరి, ఎన్ని ఓడలు మారి, ఎవరి ఒంటెలమీద ఎక్కి లండను చేరేదో! మోటుపల్లి వర్తకుడి భార్యనని నేను వేసిన వేషానికి ఆ డబ్బా ఒక అర్థం కల్పించింది.

ఎనభై నలుగురికి వంట

ఆ శరత్కాలపు విందుకు ఎనభై నలుగురు పేర్లిచ్చారు. వారిలో మాంసం తిననివారు పన్నెండుమంది. ఆ పన్నెండుమందికి నేను విడిగా నాలుగు వంటకాలు చేస్తే చాలునన్నది విందు పెద్దగారి అభిప్రాయం.

నేను ఒప్పుకోలేదు. "విడిగా వద్దు. మొదటి వడ్డన అందరికీ మాంసం లేకుండానే చేద్దాం. పుస్తకంలో ఉపవాసదినపు వంటలు బోలెడున్నాయి. ఇది అచ్చమైన ఆ కాలపు విందే అవుతుంది" అన్నాను.

"డబ్బిచ్చి వచ్చినవాళ్ళు మాంసం లేదంటే ఊరుకుంటారా?" అన్నాడాయన.

ఆయన భయం అకారణం కాదు. బాదంపప్పు, కుంకుమపువ్వు ఖరీదైన సరుకులు. వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటే తరవాతి విందుకు రారు. హాలు అద్దె మీద పడుతుంది. రెండుగంటలు వాదించుకున్నాక రాజీ కుదిరింది. మొత్తం మూడు వడ్డనలు. మొదటిదీ మూడోదీ అందరికీ ఒకటే, మాంసం లేనివి. నడిమి వడ్డనలో కాల్చిన మాంసం వేరే పళ్ళెంలో వస్తుంది, కావలసినవారు వేసుకుంటారు. గరిటెలు వేరు, గిన్నెలు వేరు. ప్రతి వంటకంలో ఏమేం పడ్డాయో కాగితంమీద రాసి తలుపుకు అంటించాలి.

ఈ కాగితం రాయడం చిన్నపనేం కాదు. మాంసం నీళ్ళు, పందికొవ్వు తెలుసుకోగలం. జున్నులో ఏముందో ఎవరికి తెలుసు? పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వేసే జున్నులున్నాయి. పేరున్న పార్మిజానోకూడా అలాంటిదే. అంచేత జున్ను మొత్తానికే తీసేశాను. లెంట్ నియమం నాకు అక్కరకొచ్చింది. పాలు లేవు, గుడ్డు లేదు. బజ్జీలకు గుడ్డు మాని, ఈస్టు వేసి పులియబెట్టిన పిండి వాడాను. మక్కెలో ద్రాక్షసారాకు బదులు పుల్లని పచ్చిద్రాక్ష రసం పోశాను. ఆ రసమూ ఆ కాలపు వంటలో మామూలే.

ఒక చర్చి నేలమాళిగలో వంటిల్లు అద్దెకు తీసుకున్నాం. గాడిపొయ్యి లేదు గాని, మా ఊళ్ళో పెళ్ళివంటకు ఏమాత్రం తీసిపోని హడావిడి. నాలుగు కిలోల బాదంపప్పు ముందురోజు రాత్రి ఆరుగురం కూర్చుని పొట్టు తీశాం. ఒకతె దంతవైద్యురాలు, ఒకాయన లారీ డ్రైవరు, ఒకతె స్కూలుపిల్లలకు లెక్కలు చెబుతుంది. బాదంపప్పు జారిపోయి నేలమీద దొర్లుతుంటే ఒకరిమీద ఒకరు విసుక్కుంటూ, నవ్వుకుంటూ, తలొక కథా చెప్పుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు మా పల్నాటి కథ చెప్పాను.

పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని వీరగాథ చెబుతుంది గదా! కారెంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకమాసం చివర అయిదురోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. పల్నాటి యుద్ధాన్ని మళ్ళీ కళ్ళకు కట్టిస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఇది విని లారీ డ్రైవరు బాదంపప్పు కింద పెట్టి, "అయితే మీ ఊళ్ళో ఈ పని మాకంటే చాలా ముందునుంచీ చేస్తున్నారన్నమాట!" అన్నాడు. అవునన్నాను. అయితే మా ఊరివాళ్ళకది పూజ, వీళ్ళకు వినోదం. ఆ భేదమూ చెప్పాను.

ఒకే పంక్తి

పంక్తిభేదం మహాపాపమని మన పెద్దలంటారు. ఒకే వరుసలో కూర్చున్నవాళ్ళలో ఒకరికి నెయ్యీ ఒకరికి నీళ్ళూ వడ్డించకూడదు. మాటైతే గొప్పదే. కాని మా అమ్మమ్మగారింట్లో పొలంపనివాళ్ళకు విస్తళ్ళు వసారాలోనే వేసేవారు. వంట అదే. పంక్తి వేరు. ఒహాయోలో నాకు ఎదురైనది దానికి తిరగేసిన బొమ్మ. పంక్తి ఒకటే, వంట వేరు. శాకాహారమనే పేరుతో మనం కొందరిని వసారాలో కూర్చోబెట్టాం. అదే శాకాహారం వల్ల నా ముందుకు చిన్నపళ్ళెం వచ్చింది. చిన్నపళ్ళెం ముందు కూర్చుంటే గాని వసారా సంగతి బోధపడదు.

విందు రాత్రి మొదటి వడ్డన వెళ్ళింది. వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నాం. గట్టిపడ్డ రొట్టెను పలకలుగా కోసి, ఆ పలకమీదే వడ్డించడం మధ్యయుగపు పద్ధతి. అది వాళ్ళ విస్తరి. శనగల గిన్నెలు పదినిమిషాల్లో ఖాళీగా తిరిగొచ్చాయి. బజ్జీలకు రెండోసారి కబురొచ్చింది. మక్కె మాత్రం సగానికి సగం వెనక్కి వచ్చింది. బూడిదరంగు ముద్ద, ఎంత ఉల్లిపాయ చల్లినా అందం రాలేదు. గోధుమల ఫ్రుమెంటీ బాదంపాలలో ఉడికి, కుంకుమపువ్వు రంగు తేలి, ఇంటిదగ్గర గోధుమరవ్వ పాయసంలాగే ఉన్నది. మాంసం లేదని ఇద్దరు పెద్దమనుషులు గొణిగారని తరవాత తెలిసింది. తక్కినవాళ్ళకు ఆ సంగతి నడిమి వడ్డన వచ్చేదాకా తోచనే లేదట.

ఆ హాలులో బాదం పడనివారు ముగ్గురున్నారు. తింటే ప్రాణంమీదికి వస్తుంది. వాళ్ళకు ఫ్రుమెంటీ వేరే గిన్నెలో, నీళ్ళతో వండి, వేరే గరిటెతో పెట్టాం. అందరికీ ఒకే వంట అని పట్టుపట్టిన మనిషిని నేనే, వేరు గిన్నె పెట్టిందీ నేనే. ఇందులో విరోధమేమీ నాకు కనిపించలేదు. వాళ్ళ గిన్నెమీదకూడా అదే కుంకుమపువ్వు, అదే వేళకు, అదే బల్లమీదికి, అంతే వేడిగా వెళ్ళింది. మనిషి మనిషికీ తిండి వేరుగా ఉండవచ్చు. తినేవాడికి దక్కే మర్యాద వేరుగా ఉండకూడదు.

సాండ్విచ్ పిల్ల ఆరోజుకూడా సంచీ తెచ్చుకున్నది. శనగల గిన్నె వాళ్ళ బల్లమీదికి వచ్చినప్పుడు, ఇది తనకూ పనికివస్తుందా అని తలుపుమీది కాగితం దగ్గరికి వచ్చి రెండుసార్లు చదువుకున్నది. వెనక్కి వెళ్ళి, అందరితోపాటు గిన్నెలో చెయ్యి పెట్టి వడ్డించుకున్నది. సంచీ బల్లకిందే ఉండిపోయింది. ఆ తరవాత నేను అక్కడున్నన్నాళ్ళూ మరి మూడు విందులకు వంట చేశాను. ఆ పిల్ల మూడింటికీ వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు తరిగింది.

మీరూ చేసి చూడండి

ఇంత చెప్పి రుచి చూపించకపోతే మర్యాద కాదు. పావుకిలో పెద్ద శనగలను బాణలిలో కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించండి. రాత్రంతా కప్పెట్టడానికి వేడి బూడిద ఇప్పుడెవరి ఇంట్లో ఉంటుంది? చల్లారాక కడిగి రాత్రి నానబెట్టి, మర్నాడు మెత్తగా ఉడికించండి. నీళ్ళు కొద్దిగా మిగిలి ఉండగా, ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు పదీ, రెండు చెంచాల నూనే, చాలినంత ఉప్పూ, చిటికెడు కుంకుమపువ్వూ వెయ్యండి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, రెండు లవంగాలు మెత్తగా దంచి ఆ పొడి ఒక చెంచా కలపండి. వెల్లుల్లి మెత్తబడేదాకా సన్నసెగను ఉంచితే చాలు. రొట్టెతోనూ బాగుంటుంది, అన్నంతోనూ బాగుంటుంది.

దించబోయే ముందు రెండు ఎండుమిరపకాయలు తుంచి వెయ్యాలని చెయ్యి లాగుతుంది. గుంటూరు చేతులకు అది సహజమే. ఆ ఒక్కపూటకూ మిరపకాయల డబ్బా మూతపెట్టే ఉంచండి. రిచర్డు రాజుగారికీ తెలియదు, ప్రతాపరుద్ర మహారాజుకూ తెలియదు.